చెన్నై ఉక్కపోతలో నిలిచే లావెండర్ సెంటు ఏది?

వేళచ్చేరి నుంచి తిరువాన్మియూర్‌కు రోజూ లోకల్ ట్రైన్‌లో ఆఫీసుకు వెళ్తాను. లావెండర్ వాసనంటే ప్రాణం. నెల రోజుల్లో మూడు శాంపిళ్లు వాడి చూశాను.

మొదటిది పల్చటి కొలోన్. ఉదయం 8 గంటలకు కొట్టుకుంటే స్టేషన్ మెట్లెక్కేసరికే మాయం. రెండోది కర్పూరం ఘాటు. పక్క సీటావిడ జలుబు చేసిందా అని అడిగింది! బహుశా లావెండర్ బదులు లావండిన్ (లావెండర్ సంకర మొక్క) నూనె వాడారేమో, అందులో కర్పూరం శాతం ఎక్కువ. మూడోది వెనిలా కలిపింది. ఏసీలో మధ్యాహ్నం దాకా బ్రహ్మాండం, బయట చెమట పట్టగానే ఒళ్లంతా పాయసం వాసన.

స్నానమయ్యాక మాయిశ్చరైజర్ రాసి దానిమీద కొట్టి చూశాను, మహా అయితే అరగంట పెరిగింది. చున్నీ మీద సాయంత్రం దాకా నిలిచింది గానీ మరక పడింది.

ఇప్పుడు వేరే రెండు సెంట్ల మధ్య ఊగుతున్నాను. ఒకటి కారోన్ కంపెనీవాళ్ల 1934 నాటి 'పూర్ ఆన్ ఓమ్', లావెండర్, వెనిలా కలిసినది. మగవాళ్లదని పేరు, నాకా పట్టింపు లేదు. రెండోది 2019లో వచ్చిన ఈవ్ సాన్ లోరాన్ 'లిబ్ర్', ఇందులో లావెండర్‌తో నారింజ పువ్వు ఉంటుంది. రెండూ కొనే బడ్జెట్ లేదు.

ఇలాంటి ఉక్కలో వాడినవాళ్లు చెప్పండి: చెమట పట్టాక కూడా తీపి మీదకు రాకుండా లావెండర్‌గానే ఉండేది ఈ రెండింట్లో ఏది?