అమెరికాలో క్యాన్సర్ వచ్చినవారి ఆయుష్షులో జాతిని బట్టి ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న:
అమెరికాలో నల్లజాతి మహిళలకు రొమ్ము క్యాన్సర్ వచ్చే రేటు తెల్లజాతి మహిళల కంటే కొంచెం తక్కువే అయినా, ఆ జబ్బుతో మరణించే రేటు మాత్రం సుమారు 40 శాతం ఎక్కువగా ఉంది. ప్రజారోగ్యం చదువుతున్న నాకు ఈ లెక్క మింగుడుపడడం లేదు. కారణం శరీరతత్వంలో ఉందా, లేక పేదరికంలోనా?

సమాధానం 1:
శరీరతత్వానికి కొంత పాత్ర ఉంది. హార్మోన్ మందులు పనిచేయని ట్రిపుల్ నెగటివ్ రకం నల్లజాతి మహిళల్లో దాదాపు రెట్టింపుగా కనిపిస్తుంది. అయితే ఆ మందులు బాగా పనిచేసే రకాలలో సైతం వారి మరణాలే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, జన్యువుల మీదికి నెట్టేసి ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

సమాధానం 2:
తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై 1999లో వెలువడిన ఒక అధ్యయనం మీరు తప్పక చదవాలి. అందులోని రోగులందరూ 65 ఏళ్లు దాటినవారు, వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఆరోగ్య బీమా ఉన్నవారు. తెల్లజాతివారిలో 76.7 శాతం మందికి శస్త్రచికిత్స జరిగితే, నల్లజాతివారిలో 64 శాతం మందికే జరిగింది; ఐదేళ్లు బతికినవారు వరుసగా 34.1 శాతం, 26.4 శాతం. శస్త్రచికిత్స జరిగినవారిని మాత్రమే పోల్చి చూస్తే, రెండు జాతుల వారూ ఇంచుమించు సమానంగానే బతికారు.

ప్రశ్న అడిగినవారు:
అంటే బీమా ఉన్నా తేడా పోలేదన్నమాట. మరి ఎక్కడైనా దానిని తగ్గించగలిగారా?

సమాధానం 3:
తగ్గించారు. న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆసుపత్రిలో 1964 నుంచి 1986 వరకు చికిత్స పొందిన 606 మంది రొమ్ము క్యాన్సర్ రోగులలో ఐదేళ్లు బతికినవారు 39 శాతమే. వారిలో ఎక్కువమంది పేద నల్లజాతి మహిళలు, సగం మంది జబ్బు బాగా ముదిరాక వచ్చినవారు. అక్కడి శస్త్రవైద్యుడు హెరాల్డ్ ఫ్రీమన్ ఉచిత పరీక్షలు ఏర్పాటు చేసి, 1990లో పేషెంట్ నావిగేటర్లను నియమించారు. అనుమానాస్పద ఫలితం వచ్చిన రోగి బయాప్సీకి, ఆపైన చికిత్సకు చేరేదాకా, మధ్యలో అడ్డుపడే కాగితాలు, ఖర్చులు, రవాణా, భయం అన్నిటిలోనూ వెంట ఉండడమే వారి పని. తరువాతి కాలపు రోగులలో ఐదేళ్లు బతికినవారు 70 శాతానికి చేరారు. ఆ మధ్యకాలంలో చికిత్సలు మెరుగుపడిన మాట నిజమే కానీ, జబ్బును ముందుగా పట్టుకోవడమే ఇందులో పెద్ద మార్పు.

డెలావేర్ రాష్ట్రం పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఇదే బాట పట్టి, బీమా లేనివారికి పరీక్షల ఖర్చుతో పాటు చికిత్స ఖర్చు కూడా తానే భరించింది. 2002లో నల్లజాతివారిలో 48 శాతం మందే ఈ పరీక్షలు చేయించుకోగా, 2009 నాటికి వారు 74 శాతానికి చేరి తెల్లజాతివారితో సమానమయ్యారు. మరణాల రేట్లలో తేడా కూడా దాదాపుగా తొలగిపోయింది. పరీక్ష చేసి, జబ్బు బయటపడ్డాక చికిత్సకు దారి చూపకుండా వదిలేసే కార్యక్రమాలు ఈ ఫలితాన్ని ఇవ్వలేవని నా గట్టి అభిప్రాయం. కనుక మీ అధ్యయనంలో ఎంతమందికి పరీక్ష జరిగిందన్న లెక్కతో ఆగకుండా, జబ్బు నిర్ధారణ అయిన నాటి నుంచి చికిత్స మొదలయ్యే వరకు ఎన్ని రోజులు పట్టిందో, మధ్యలో ఎవరు ఏ కారణంగా ఆగిపోయారో కూడా నమోదు చేయండి.