సమస్య: ఒక్క చరణమున్న నొప్పు నడక

ఆటవెలది నాలుగో పాదం ఇది. చరణమంటే కాలు, పాటలో ఒక భాగం కూడా; ఆ ఒంటికాలి నడకను ఏఐ పాటల కట్టుబడి మీదికి మళ్ళించి పూరించండి.

కావలి నుంచి:

రీలు కొఱకుఁ జేయు రీతి పాటయె యైనఁ
బల్లవి మొదలిడినఁ బాట నిలుచు
నడుమ వాద్యమేల నలుబది క్షణముల
నొక్క చరణమున్న నొప్పు నడక

విమర్శ (నెల్లూరు): గణాలు, యతి సరిపోయాయి. లెక్క కూడా నిలుస్తుంది. నిమిషానికి 96 బీట్లు, చతురస్రం అనుకుంటే నాలుగు బీట్ల బార్‌కు 2.5 సెకన్లు, 40 సెకన్లకు 16 బార్లు. పాదానికి రెండు బార్ల చొప్పున పల్లవి రెండు పాదాలు, చరణం నాలుగు, మళ్ళీ పల్లవి రెండు. నిండిపోయింది. వేణువుకు నాలుగు బార్లిస్తే 10 సెకన్లు పోయి చివరి పల్లవి తెగిపోద్ది. పాట పుట్టించే ఏఐలో శైలి రాసే స్టైల్ గడిలో 96 అని రాసినా అది సూచనే, పాట వచ్చాక కొలుచుకోవాల్సిందే.

ఇంకోటి, సునో లాంటి ఏఐ పాటల యాప్‌లలో చదరపు బ్రాకెట్లలో ‘కోరస్’ అని విడి పంక్తిలో పెట్టి దానికింద పల్లవి, ‘వెర్స్’ కింద చరణం రాయాలి. గుండ్రటి బ్రాకెట్లు వాడబాకండి, వంతపాట అనుకుని ఆ మాటనే పాడేయొచ్చు.

అద్దంకి నుంచి:

మాత్ర లెంచి మొదట మఱియొక దానికి
నదియె యచ్చు గాఁగ నమరుఁ బాట
కొలత తప్పెనేనిఁ గుంటును యంత్రమ్ము
ఒక్క చరణమున్న నొప్పు నడక

విమర్శ: తరువోజ పద్యంతో శాసనం చెక్కిన ఊరి నుంచి విసంధి (సంధి చేయకుండా అచ్చును విడిగా వదలడం) ఏందండీ! ‘యంత్రమ్ము’ తీసి ‘యంత్రాన’ అనండి, ‘నొక్క’ దానంతటదే వస్తుంది. విషయం మాత్రం అన్నిట్లోకీ బరువైనది. మొదటి చరణంలో ‘పెన్న గట్టు మీద’ అన్నారనుకోండి, లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున 9 మాత్రలు. రెండో చరణంలో అదే చోట ‘స్వర్ణాల చెరువు దగ్గర’ పెడితే 12. ఆ మూడు మాత్రలను ఇరికించడానికి యంత్రం మాటలు తోసేస్తుంది, దీర్ఘాలు మింగుతుంది, లేదా వరుసే మార్చేస్తుంది. ‘చెరువు నీటి లోన’ అంటే 9కి 9, విరుపులూ అవే చోట్ల పడతాయి. రోమన్ లిపిలో ఇస్తే ద, డ కలిసిపోతాయి, తెలుగులోనే ఇవ్వండి.

కందుకూరు నుంచి:

మార్చి మార్చి వ్రాయ మఱచును వరుసను
పల్లవొకటె తిరిగి పలుకవలయు
కొత్తదనము కోరఁ గూర్చుము చరణాన
నొక్క చరణమున్న నొప్పు నడక

విమర్శ: ‘చరణాన నొక్క చరణ’ పునరుక్తి. మొదటి రెండు పాదాల మాట నిజం. ప్రతి ‘కోరస్’ కిందా అవే అక్షరాలు కాపీ చేసి అతికించండి, ‘పల్లవి మళ్ళీ’ అని రాసి వదిలేస్తే ఆ రెండు మాటలే పాడేయొచ్చు. ఆఖరి పల్లవి ఒక్కటే చెడితే పాటంతా మళ్ళీ పుట్టించబాకండి, ఆ ముక్కను రీప్లేస్ చేస్తే చాలు.

కందుకూరు: ‘గూర్చుము మధ్యలో’ అని సవరించానండీ. వాద్యం కావాల్సిందే అంటే?

నెల్లూరు: ఇప్పుడు బాగుంది. వాద్యం రెండు చరణాల పాటలో పెట్టుకోండి. పల్లవి అయ్యాక ‘ఇన్‌స్ట్రుమెంటల్’ అని చదరపు బ్రాకెట్లలో విడి పంక్తి, దాని కింద ఒక్క అక్షరం కూడా లేకుండా నేరుగా ‘వెర్స్’.