దూరదర్శన్ కన్ను కింది మాట: చివర సున్నానా (ం), పొల్లు మకారమా (మ్)? (మారుపేర్లతో నలుగురి చర్చ)

గోదారి గట్టు: రెండు వంపులు సుళ్లు తిరుగుతూ వచ్చి కన్నుగా కుదురుకునే ఆ పాత చిహ్నం, దాని వెనక రవిశంకర్, అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్‌ల బాణీ ఎంతకీ వదలడం లేదు. కింద నాగరిలో ఉండే ‘సత్యం శివం సుందరం’ చివర సున్నానా, పొల్లా? వాక్యం తైత్తిరీయోపనిషత్తులోదే కదా?

అనుస్వారం: మొదటి రెంటికీ సున్న, మూడోదానికి పొల్లు. మకారాన్ని సున్నగా మార్చే పాణిని సూత్రం ‘మోఽనుస్వారః’ వర్తించేది హల్లు పరమైతేనే (తర్వాత వస్తేనే). సత్యం తర్వాత శకారం, శివం తర్వాత సకారం ఉన్నాయి. సుందరమ్ దగ్గర విరామం, మకారం నిలిచింది. తెలుగులో పదాంత సున్నని ఎలాగూ మకారంగానే పలుకుతాం, సుందరం అన్నా దోషం లేదు. తైత్తిరీయంలోది మాత్రం ‘సత్యం జ్ఞానమనంతం బ్రహ్మ’.

పాత టీవీ: ‘శివమద్వైతం’ మాండూక్యోపనిషత్తులోది. మూడూ కలిసి రెంటిలోనూ లేవు. ఇది 19వ శతాబ్దపు బెంగాల్ బ్రహ్మసమాజం కూర్పనే నా నమ్మకం. ఫ్రెంచి తత్త్వవేత్త విక్టర్ కుజేఁ చెప్పిన సత్యం, సౌందర్యం, శ్రేయస్సులకు సంస్కృత రూపం. చిహ్నం గీసింది అహమ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) చదివిన దేబాశిష్ భట్టాచార్య. తెరకెక్కింది 1976 ఏప్రిల్ 1న, ఆకాశవాణి నుంచి దూరదర్శన్ విడిపడిన రోజు.

ద్విపద ప్రియ: అంత దూరం ఎందుకండీ? గీత 17వ అధ్యాయంలో ‘సత్యం ప్రియహితం చ యత్’ ఉంది. ప్రియమే సుందరం, హితమే శివం.

పాత టీవీ: వరుస చూడండి. గీతలో ప్రియం ముందు, హితం తర్వాత. కుజేఁ వరుసా అదే. మన వాక్యంలో శివం నడుమకొచ్చింది. దానికేమంటారు?

ద్విపద ప్రియ: నడక కోసం! సత్యంశి | వంసుంద | రం: అయిదేసి మాత్రల ఖండగతి (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు). ‘సత్యం సుందరం శివం’ అనండి, అయిదో మాత్ర ‘సుం’ మధ్యలో విరుగుతుంది. మదలేఖ వృత్తమేమో కూడా.

అనుస్వారం: మదలేఖకు మ (మూడు గురువులు), స (రెండు లఘువులు, ఒక గురువు), గ (ఒక గురువు) గణాలు కావాలి. ఇక్కడ త (రెండు గురువులు, ఒక లఘువు), త, గ. ఏడక్షరాలు కనక ఉష్ణిక్ ఛందస్సు, అంతవరకే. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం; తగణం ఇంద్రగణమే కాబట్టి మీ ద్విపదకి దగ్గర. కానీ ‘సత్యం శివం సుందరంబంచు బల్కె’ అంటే గణాలు సరిపోయినా యతి చెడుతుంది. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, సకారానికి రేఫ (ర) కుదరదు.

ద్విపద ప్రియ: అయితే ‘సత్యంబు శివమును సౌందర్యమనగ’. త, నల (నాలుగు లఘువులు), త, చివర సూర్యగణం న (మూడు లఘువులు). స–సౌ యతి.

అనుస్వారం: యతి భేషుగ్గా ఉంది. కానీ సుందరం విశేషణం, సౌందర్యం భావనామం. పక్కన శివాన్ని విశేషణంగానే వదిలేశారు.

గోదారి గట్టు: అసలు ఈ శివం దేవుడా, మంగళమా?

అనుస్వారం: దేవుడైతే శివః, పుంలింగం. ఇది నపుంసకం, మంగళమే.

పాత టీవీ: బ్రహ్మసమాజం అంటే మనకి కాకినాడ, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. ఆయన ప్రభావంలో పెరిగిన కృష్ణశాస్త్రిగారు తర్వాత ఆకాశవాణిలోనూ పనిచేశారు. ఈ మూడు మాటల్లో ఆయన సుందరాన్నే ముందు పెట్టి ఉండేవారని నాకనిపిస్తుంది.

ద్విపద ప్రియ: ఒప్పుకోను. కృష్ణశాస్త్రిగారికి ముందు స్వేచ్ఛ, ఆ తర్వాతే సౌందర్యం. అదలా ఉంచి, ఆకాశవాణి ‘బహుజన హితాయ బహుజన సుఖాయ’ లెక్కేయండి: ఎనిమిది, ఎనిమిది మాత్రలు. అక్కడ హితం ముందుంది!