టన్నెల్ తెగితే దానంతట అదే లేవాలంటే ఎట్టా?

కావలి కుర్రోడు:
అన్నలూ, మా తమ్ముడు చైనాలో ఎంబీబీఎస్ చదవతా ఉండాడు, అక్కడ జీమెయిల్, గూగుల్ డ్రైవ్, వాట్సాప్ ఏదీ తెరుచుకోదు, అందుకని సింగపూర్‌లో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకొని వాడి ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్‌కి (దూరం సర్వర్‌కి గుట్టుగా కలిపే ప్రోగ్రామ్) మైనస్ డీ 1080 పెట్టి సాక్స్ ప్రాక్సీ చేసిచ్చా, అంటే బ్రౌజర్ అడిగేదంతా ఆ టన్నెల్‌లో సింగపూర్ మీదగా పోతది. గంటసేపు బానే ఉంటది, హాస్టల్ వైఫై ఒక్కసారి పోయొచ్చిందంటే ఇంక అంతే. ఎర్రర్ కూడా రాదు, ఎస్ఎస్‌హెచ్ నడస్తా ఉన్నట్టే కనపడతది, బ్రౌజర్ మాత్రం తిరగతానే ఉంటది. సిస్టమ్‌డీలో (ఉబుంటులో ప్రోగ్రాముల్ని నడిపేది) రీస్టార్ట్ ఆల్వేస్ అని రాసినా కదల్లా. రాత్రి 8కి మా అమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకోని వాడి వాయిస్ మెసేజ్ కోసం కూచోనుంటది, అక్కడ అప్పటికి పదిన్నర, చూసి చూసి పడుకుంటది. కొంచెం చెప్పండన్నా.

ఒంగోలు సర్వరు:
తమ్ముడూ, సిస్టమ్‌డీ తప్పేం లేదు, ప్రాసెస్ చస్తేనే అది లేపుతది, నీది చావలా. అవతలోళ్ళ లైన్ కట్టయినా ఇవతల హలో హలో అంటా నిలబడ్డట్టుంది దాని పని. ఎస్ఎస్‌హెచ్ సెట్టింగుల్లో సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 15, సర్వర్‌అలైవ్‌కౌంట్‌మ్యాక్స్ 3 పెట్టు, పదిహేను సెకన్లకోసారి సర్వర్‌ని పలకరిస్తది, మూడుసార్లు పలక్కపోతే ముప్పావు నిమిషంలో అదే తెంచుకుంటది, అప్పుడు సిస్టమ్‌డీ కొత్తది లేపుతది. ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ యెస్ అని పెట్టడం మర్చిపోబాక, అది లేకపోతే 1080 పోర్టు దొరక్కపోయినా లోపలికెళ్ళి ఊరికే కూచుంటది. ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌లో మైనస్ ఎఫ్ ఉంటే తీసెయ్, బ్యాక్‌గ్రౌండ్‌కి పోతే సిస్టమ్‌డీ అయిపోయిందనుకుంటది. ఇంకోటి, సిస్టమ్‌డీ మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు లేపి మానేస్తది, వైఫై రావడానికి నిమిషం పడితే ఎట్టా? దాంట్లో రీస్టార్ట్‌సెక్ 10 (పది సెకన్లు ఆగి లేపుతది), స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వెల్‌సెక్ 0 (ఇన్నిసార్లే అని లెక్క పెట్టదు) చెయ్యి. పాస్‌వర్డ్ కాకుండా కీ ఫైల్‌తో లాగిన్ పెట్టు, అర్ధరాత్రి టైప్ చేసేదానికి ఎవురుంటారు.

గూడూరు అక్క:
పైన చెప్పింది కరెక్ట్, ఇట్టా పెడితే ఆటోఎస్ఎస్‌హెచ్ (తెగిన ఎస్ఎస్‌హెచ్‌ని మళ్ళీ లేపే ప్రోగ్రామ్) కూడా అక్కర్లా. ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ అడిగేది) కూడా సాక్స్ వీ5 మీదనే పోయేట్టు టిక్ పెట్టించు బాబూ, లేకపోతే ఏ సైట్ అడిగాడో అక్కడి నెట్‌వర్క్‌కి తెలిసిపోతది, పైగా తప్పు అడ్రస్ ఇచ్చి పంపిస్తది. వీడియో కాల్ మీద మాత్రం ఆశ పెట్టుకోబాకండి, నెట్‌లో డేటా పంపే పద్ధతులు యూడీపీ, టీసీపీ అని ఉంటాయి, కాల్స్ ఎక్కువగా యూడీపీ మీద నడుస్తాయి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ టీసీపీనే మోస్తది. చైనా ఫైర్‌వాల్ ఎస్ఎస్‌హెచ్ ట్రాఫిక్ తీరు చూసి నెమ్మది చేసే అవకాశం కూడా ఉంది, అప్పుడు నువ్వు ఎన్నిసార్లు లేపినా అంతే. అక్కడ పర్మిషన్ లేని వీపీఎన్ వాడినోళ్ళకి జరిమానాలు పడ్డాయి, పిల్లోడికి ఆ సంగతి ముందే చెప్పు, అక్కడ ఉండేది వాడు కదా.

కావలి కుర్రోడు:
అక్కా, అన్నా, చేసేశా. వాడి చేత వైఫై ఆపించి లాగ్ చూస్తా కూచున్నా, 45 సెకన్లకి టైమౌట్, సర్వర్ నాట్ రెస్పాండింగ్ అని పడింది, వైఫై పెట్టినాక దానంతట అదే కనెక్టయింది. జరిమానా సంగతి వాడికి చెప్పా, చదువుకి, అమ్మకి తప్ప వాడనన్నాడు. రాత్రి 8 దాటి 5 నిమిషాలకి మెసేజ్ వచ్చింది, అమ్మ మూడుసార్లు పెట్టుకోని వినింది.