చిన్న లేతుకు ఒక్క చక్కే కొనాలంటే: ట్రూ చక్కా, డాగ్ చక్కా?

కొర్లగుంట వాసి:
తిరుపతిలో మా ఇంటి వెనక గదిలో చిన్న బెంచి లేతు (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) పెట్టుకున్నాం. బెడ్ మీద 180 మి.మీ. వ్యాసం వరకు తిరుగుతుంది, స్పిండిల్ (తిరిగే ఇరుసు) రంధ్రం 20 మి.మీ. పాత యజమాని చక్ (తిప్పే ముక్కను పట్టుకునే బిగింపు) లేకుండా అమ్మాడు. ఇప్పుడు ఒక్క చక్‌కే డబ్బుంది. ఎక్కువగా కుట్టు మిషన్లకు, మిక్సీలకు ఇత్తడి బుష్‌లు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు) చేయాలి. మూడు జాల (పట్టుకునే దవడల) ట్రూ చక్ కొనాలా, నాలుగు జాల డాగ్ చక్ కొనాలా? చక్ వ్యాసం 80 మి.మీ. చాలుతుందా, 100 కావాలా?

పాత టర్నర్, రేణిగుంట:
డాగ్ చక్. ఇందులో ఆలోచించేదేమీ లేదు. ట్రూ చక్‌లో ఒకే స్క్రోల్ (చుట్టు గాడి) పళ్లెం మూడు జాలనూ కలిపి నడుపుతుంది. ఆ పళ్లెంలో ఎంత తేడా ఉంటే అంతా మీ జాబ్‌లోకి (తిప్పే ముక్కలోకి) దిగుతుంది. కొత్త చక్‌లోనే 0.05 మి.మీ. ఊగడం మామూలు. డాగ్ చక్‌లో ఏ జా స్క్రూ దానిదే. డయల్ గేజీ (ఊగడాన్ని కొలిచే ముల్లు పరికరం) పెట్టి ఎదురెదురు జాలను సర్దుకుంటే 0.01 లోపలికి తేవచ్చు. చదరపు ముక్క, గరుకు పోత, ఎక్సెంట్రిక్ (కేంద్రం పక్కకు జరిపిన) పని ట్రూ చక్‌లో సరిగా పట్టలేరు.

ఇత్తడి పని, తిరుచానూరు:
ఆయన అడిగింది ఎక్సెంట్రిక్ కాదు, బుష్. గుండ్రటి కడ్డీ బిగించి, పై వ్యాసం తిప్పి, లోపల బోర్ చేసి, అదే బిగింపులో పార్టింగ్ టూల్‌తో కోసేస్తే లోపలికీ బయటికీ ఒకే కేంద్రం. చక్ 0.05 ఊగినా 0.1 ఊగినా ఆ తేడా మొదటి కోతలోనే రజనులో కలిసిపోతుంది.

పలమనేరు రైతు:
ఏ చక్ కొన్నా సరే, జాలు బిగించే చక్ తాళంచెవి అందులోనే వదిలి స్విచ్ మాత్రం వేయకండి.

పాత టర్నర్, రేణిగుంట:
కోసిన తర్వాత రెండో ముఖం ఫేసింగ్ (చదును) చేయాలంటే తిప్పి పట్టాలి. అప్పుడు మీ 0.05 మళ్లీ వస్తుంది కదా?

ఇత్తడి పని, తిరుచానూరు:
ముఖం ఫేసింగ్ చేయడానికి 0.05 ఏం అడ్డం? మరీ పట్టింపు ఉంటే బోరుకు సరిపడా మాండ్రిల్ (బోరులో దూరే కడ్డీ) తిప్పుకొని దాని మీద ఎక్కించవచ్చు. 0.05 అనే ఒక్క అంకె పట్టుకుని వేలాడుతున్నారు.

ఐ.టి.ఐ. విద్యార్థిని, చిత్తూరు:
మాకు రెండు చక్‌లూ ఉన్నాయి. ట్రూ చక్ జాల మీద 1, 2, 3 అంకెలుంటాయి. ఆ వరుస తప్పి ఎక్కిస్తే మూడూ మధ్యలో కలవవు.

మదనపల్లె మెకానిక్:
కొత్తదే కొనండి. నాకు ఒక కొట్టులో అంటగట్టిన పాత ట్రూ చక్‌లో జాలు నోటి దగ్గర అరిగిపోయాయి. కడ్డీని లోపల గట్టిగా పడుతుంది, ముందు వైపు సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. కోత పెడితే చాలు, కడ్డీ అదురుతుంది.

పాత టర్నర్, రేణిగుంట:
చూశారా? అరిగిన ట్రూ చక్ గతి అది. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకు సుద్దముక్కతో ఎత్తు పల్లాలు గుర్తించడం కూడా రాదు. జాబ్ ఊగితే చక్‌ను తిడతారు. మొదటి నుంచీ డాగ్ చక్ మీద చేయి తిరిగితే ఆ అవస్థ ఉండదు.

ఇత్తడి పని, తిరుచానూరు:
చేయి తిరగడం గురించి మీరు చెప్పకండి. పదో తరగతి తర్వాత నేను చేరిన షెడ్డులో మేస్త్రి డయల్ గేజీని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. చేయి తిరిగాక ముట్టుకోమనేవాడు. ముట్టుకోకుండా చేయి ఎలా తిరుగుతుంది? ఏడాది పొడవునా రజను ఊడ్చాను. కొత్తగా వచ్చినవాణ్ణి ముందు కష్టపెట్టాలనే ఆ బుద్ధే మీ సలహాలోనూ ఉంది.

పాత టర్నర్, రేణిగుంట:
ఆ మేస్త్రి మీద కోపం నా మీద తీర్చుకోకు నాయనా. గేజీ దాచడం దుర్మార్గం. నేను చెప్పేది వేరు. ఇంట్లో లేతు పెట్టుకున్నవాడికి తొందరేముంది? ఒక్కో ముక్క సెంటర్ చేయడానికి పది నిమిషాలు పట్టినా కూలి కోసేవాడెవడూ లేడు. ఆ తీరికలోనే పని పట్టుబడుతుంది.

ఇత్తడి పని, తిరుచానూరు:
అసలు పేచీ అక్కడే ఉంది. ఆయనకు తీరిక ఉందని మీరెలా తేల్చారు? కొర్లగుంట వారూ, ఈ లేతు మీకు సరదా కోసమా, బతుకుతెరువు కోసమా?

కొర్లగుంట వాసి:
రిపేరు కొట్టు మా తమ్ముడిది. ఉదయం ఇచ్చిన మిక్సీ సాయంత్రానికి కావాలంటారు. వాడు కొట్టులో కూర్చుంటే నేను ఇంట్లో బుష్ తిప్పి పంపాలి.

పాత టర్నర్, రేణిగుంట:
ఈ మాట మొదటే రాయాల్సింది. అయితే ముందు ట్రూ చక్ కొనండి, డాగ్ చక్ తర్వాతైనా కొనండి. 80 వద్దు. దాని మధ్య రంధ్రం సాధారణంగా 16 మి.మీ. 20 మి.మీ. స్పిండిల్ ఉండి కూడా 18 మి.మీ. కడ్డీ లోపలికి పోదు. 100 చక్‌లో రంధ్రం 22 దాకా ఉంటుంది. మీ లేతుకు అది పెద్దదేమీ కాదు.

కొర్లగుంట వాసి:
స్పిండిల్ ఫ్లాంజి (చక్ బిగించే అంచు) 80 చక్‌కు సరిపోయేది. 100 నేరుగా కూర్చుంటుందా?

పాత టర్నర్, రేణిగుంట:
కూర్చోదు. 80 చక్ బోల్టుల వలయం 66 మి.మీ., 100 చక్‌ది 84. మధ్యలో బ్యాక్ ప్లేట్ (రెంటినీ జత కలిపే పళ్లెం) కావాలి. పూర్తిగా తిప్పనిది కొని, మీ స్పిండిల్‌కే బిగించి, చక్ కూర్చునే గట్టును అక్కడే తిప్పండి. ఆ గట్టు వ్యాసాన్ని చక్ వెనక గుంట కంటే పావు మి.మీ. తక్కువ ఉంచండి. మీరు ఎక్కువగా వాడే కడ్డీ సైజులో నున్నటి గ్రౌండ్ రాడ్ పట్టించి, బోల్టులు కొంచెం వదులుగా ఉంచి, డయల్ చూస్తూ చక్‌ను మెత్తటి సుత్తితో తట్టి సెంటర్‌కు తెచ్చి, అప్పుడు బిగించండి.

ఇత్తడి పని, తిరుచానూరు:
అది ఆ ఒక్క వ్యాసానికే నిలుస్తుంది. వేరే సైజు పట్టగానే స్క్రోల్ తేడా మళ్లీ బయటపడుతుంది.

పాత టర్నర్, రేణిగుంట:
అందుకే ఎక్కువగా వాడే సైజు అన్నాను. డయల్ గేజీ, మాగ్నెట్ స్టాండు లేకపోతే నా దగ్గర తీసుకోండి. తిరుచానూరు అబ్బాయికైనా ఇస్తాను.

ఇత్తడి పని, తిరుచానూరు:
గేజీ కోసం వస్తాను. బుష్‌కు డాగ్ చక్ అక్కర్లేదనే మాట మాత్రం వెనక్కి తీసుకోను.