చర్చ: కంప్యూటర్ క్యాబినెట్ పైరేకులో ఫ్యాన్ రంధ్రాలు - మీరు దేంతో కోశారు?

పాతడబ్బా:
నాది పాత స్టీలు క్యాబినెట్. రేకు మందం ఒక మిల్లీమీటరు లోపే. పైన ఒక్క చిల్లు కూడా లేదు, వేడంతా లోపలే తిరుగుతోంది. పైరేకుకి రెండు 120 ఎంఎం ఫ్యాన్లు పెడదామని ఉంది. ఇంట్లో మామూలు చేతి డ్రిల్లు, ఒక ఆకురాయి ఉన్నాయి, అంతే. హోల్ సా (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కొనాలా, జిగ్‌సా (బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) కొనాలా, ఆ చిన్న రోటరీ టూల్ (చిన్న డిస్కు వేగంగా తిరిగేది) కొనాలా? వీడియోల్లో అందరూ వెన్న కోసినట్టు కోసేస్తున్నారు, నాకైతే నమ్మకం కుదరట్లేదు. నిజంగా కోసినవాళ్లు చెప్పండి.

రేకుపిచ్చి:
రెండూ ఒకే సైజు కాబట్టి నా ఓటు హోల్ సాకే. 120 ఫ్యాన్‌కి నాలుగున్నర అంగుళాలది, అంటే 114 ఎంఎం, సరిపోతుంది. బైమెటల్‌దే (రెండు లోహాలతో చేసినదే) తీసుకోండి. చెక్కకు వాడే చవకరకం స్టీలు మీద పళ్లు పోగొట్టుకుంటుంది. కొనేముందు మీ డ్రిల్లు చక్ (బిట్‌ను పట్టుకునే నోరు) చూసుకోండి. ఇంత పెద్ద హోల్ సా కాడ చాలావరకు 10 ఎంఎం చక్‌లో దూరదు, 13 ఎంఎం కావాలి. స్పీడు బాగా తగ్గించాలి, వంద ఆర్‌పీఎం (నిమిషానికి వంద చుట్లు) చుట్టుపక్కలకి. ఫుల్ స్పీడులో తిప్పితే పళ్లు కాలి నల్లబడతాయి, పని మాత్రం జరగదు.

మణికట్టు:
పైన చెప్పింది నిజమే కానీ అసలు ప్రమాదం చెప్పలేదు. పలచటి రేకులో హోల్ సా పన్ను ఒక్కటి ఇరుక్కుందంటే డ్రిల్లు మొత్తం గిర్రున తిరుగుతుంది. నాకు వారం రోజులు మణికట్టు నొప్పి, ఈ పేరు అందుకే పెట్టుకున్నా. పక్క హ్యాండిల్ లేని డ్రిల్లుతో ఈ పని చేయకండి. రేకు కింద ప్లైవుడ్ ముక్క పెట్టి, రెండింటినీ కలిపి క్లాంప్‌తో బిగించండి. హోల్ సా మధ్యలో ఉండే డ్రిల్లు బిట్ ఆ చెక్కలోకి దిగి నిలబడితే సా అటూఇటూ పోదు.

పాతడబ్బా:
అమ్మో. గ్లౌజులు వేసుకుంటే?

మణికట్టు:
డ్రిల్లు తిరుగుతున్నప్పుడు వద్దండీ! బట్ట చుట్టుకుంటే చెయ్యి కూడా లాక్కుపోతుంది. కోసిన రేకు పట్టుకునేటప్పుడు వేసుకోండి, ఆ అంచు బ్లేడు కన్నా పదును. కళ్లజోడు మాత్రం మొదటి నుంచి చివరిదాకా.

గుండ్రం_కాదు:
రోటరీ టూల్ గురించి నా అనుభవం. ఒక్క 140 ఫ్యాన్ రంధ్రానికి చిన్న డిస్కులు ఎన్ని విరిగాయో లెక్క పెట్టడం మానేశాను. చివరికి ఫైబర్ జాలీ వేసిన గట్టి డిస్కు తెచ్చాక పని జరిగింది. ఇంకో సంగతి, డిస్కు కోసేది సూటిగీతే. గుండ్రంగా గీసుకున్నా వచ్చింది పదహారు మూలల ఆకారం. తర్వాత శాండింగ్ డ్రమ్ముతో (గరుకు కాగితం చుట్టిన చిన్న రోలరు), సగం గుండ్రటి ఆకురాయితో రెండు గంటలు అరగదీస్తే గుండ్రమైంది. రవ్వలు పడి పక్కనున్న అద్దం మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు. జింకు పూత ఉన్న రేకు కాలితే పొగ మంచిది కాదు, కిటికీ తెరిచి, మాస్కు పెట్టుకుని చేయండి. ఫ్యాక్టరీవాళ్లు చేసిన జాలీ తీసెయ్యడానికైతే ఇది బాగానే ఉంటుంది. రేకు కత్తెరతో ఒక్కో పుల్లా కత్తిరించినా సరిపోతుంది, రవ్వలే రావు.

జిగ్‌సా_అభిమాని:
జిగ్‌సాని అందరూ తక్కువ చేస్తున్నారు. నేను నాలుగు క్యాబినెట్లు దీంతోనే చేశాను. కిటుకంతా బ్లేడులోనే ఉంది. అంగుళానికి 32 పళ్ల మెటల్ బ్లేడు తీసుకున్నా పంటికీ పంటికీ మధ్య దాదాపు 0.8 ఎంఎం ఉంటుంది. మన రేకు మందం కూడా ఇంచుమించు అంతే. అంటే ఒకేసారి రేకును కోసేది ఒక్క పన్నే. అందుకే గడగడలాడుతుంది, రేకు వంగుతుంది. రెండు పలచటి ప్లైవుడ్ ముక్కల మధ్య రేకును పెట్టి, మూడూ కలిపి కోస్తే ఆ గోల ఉండదు. లోపలి వైపు బ్లేడు దూరేంత చిల్లు ముందే వేసుకోవాలి. జిగ్‌సా అడుగుకు టేపు అంటించకపోతే పెయింటంతా గీతలే.

@పాతడబ్బా, మీ పైరేకు ఊడి వస్తుందా, రివెట్లతో బిగించి ఉందా? బ్లేడు రేకు కింద ఐదు సెంటీమీటర్ల పైనే దిగుతుంది. కింద డ్రైవ్ పెట్టే గూడు ఉంటే దానికి తగులుతుంది.

పాతడబ్బా:
రివెట్లే. కింద అడ్డపట్టీ కూడా ఉంది. జిగ్‌సా కుదరదు అయితే.

రేకుపిచ్చి:
రివెట్లు డ్రిల్లుతో తీసి, పని అయ్యాక పాప్ రివెట్లు కొట్టుకోవచ్చు. కానీ రెండు రంధ్రాలకోసం అంత అవసరమా?

కొలతలు: 120 ఫ్యాన్ స్క్రూల మధ్య దూరం 105 ఎంఎం. పక్కపక్కనే ఆనించి పెడితే రెండు రంధ్రాల మధ్య 6 ఎంఎం పట్టీయే మిగులుతుంది, కోసేటప్పుడే వంగిపోతుంది. కేంద్రాల మధ్య 125 పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు మదర్‌బోర్డు లోపలుండగానే ఫ్యాన్ పెట్టి చూడండి. మందం 25 ఎంఎం, ప్రాసెసర్ కరెంటు వైరు దగ్గర చాలామందికి ఇరుకవుతుంది.

గుండ్రం_కాదు:
చూసుకున్నాక మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) అన్నీ బయటికి తీసెయ్యాలి! "గుడ్డ కప్పి కోస్తా" అనకండి. రజను ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది, షార్టవుతుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తిప్పితే ఇనుప రజను వస్తుంది. అల్యూమినియం క్యాబినెట్‌కి అది పనిచేయదు, బ్రష్షు, వాక్యూమే గతి.

పాతడబ్బా (రెండు వారాల తర్వాత):
అయిపోయింది. తెలిసినాయన దగ్గర రెండు గేర్ల పెద్ద డ్రిల్లు తెచ్చుకుని, హోల్ సా కొన్నాను. మొదటి రంధ్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ధీమాతో రెండోదానికి సెంటర్ పంచ్ (బిట్ జారకుండా ముందే వేసే చిన్న గుంట) కొట్టకుండానే మొదలుపెట్టాను. బిట్ జారి మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. స్క్రూ చిల్లులు కోలగా సాగదీసి సర్దుకున్నాను. స్టెప్ బిట్‌తో (మెట్లుమెట్లుగా ఉండే బిట్) వేయడం వల్ల అవైనా శుభ్రంగా ఉన్నాయి. అంతకుముందు మామూలు బిట్‌తో వేసినవి మూడు మూలలుగా వచ్చాయి.

అంచు ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా పెయింటు పూసి, రబ్బరు బీడింగ్ తొడిగాను. వంకర రంధ్రం మీద జాలీ పెట్టాను, చూసేవాళ్లకి తెలియట్లేదు. నాకు మాత్రం కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ కళ్లు అక్కడికే పోతున్నాయి.

మణికట్టు:
ఫొటో పెట్టండి, ఎంత వంకరో మేమూ చూస్తాం.