శాన్ డియాగోలో రెండు కార్ల గ్యారేజీకి ఎంతవుతుంది? కొత్తగా వచ్చిన కావలి వారికి మనవాళ్ళ జవాబులు

కావలి:
అందరికీ నమస్కారం. మాది కావలి. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పాత ఇల్లు తీసుకున్నాం, గ్యారేజీ లేదు. పెరట్లో 20 అడుగులకి 20 అడుగులు కట్టిద్దామని అడిగితే ఒకాయన 62 వేల డాలర్లు అన్నాడు, ఇంకొకాయన లక్షా 4 వేలు. కొలత ఒకటే కదా, ఇంత తేడా ఎట్టా వస్తుంది? ముందు ఎవరి దగ్గరికి పోవాలి?

ఒంగోలు:
తమ్ముడూ, 20 బై 20 అంటే 400 చదరపు అడుగులు. 72 చదరపు అడుగుల అంకణం లెక్కన ఐదున్నర అంకణాలు. మొదటాయన అడుగుకి 155 డాలర్లు చెప్పాడు, రెండో ఆయన 260. ఈ ఊళ్ళో రెండు ధరలూ వింటాం. ఎవరు ఎక్కువ చెప్పారన్నది తర్వాత, ముందు ఆ తక్కువ ధర కాగితంలో ఏమేం లేవో చూడు. ప్లాన్లు గీయించడం, పర్మిట్ ఫీజులు, ఇంటి నుంచి గ్యారేజీకి కరెంటు లైను, వీధి నుంచి కారు లోపలికొచ్చే దారికి కాంక్రీటు, తవ్విన మట్టి ఎత్తిపోయడం. వీటి ఎదురుగా 'ఓనర్ చూసుకోవాలి' అని ఉంటే ఆ ఖర్చంతా నీదే. అన్నీ కలిపి మళ్ళీ రాసిమ్మని ఇద్దరినీ అడుగు. తేడా చాలామటుకు అక్కడే కరిగిపోతుంది.

ముందుగా పోవాల్సింది కాంట్రాక్టర్ దగ్గరికి కాదు. మీ కాలనీకి హెచ్‌ఓఏ, అంటే ఇంటి ఓనర్ల సంఘం, ఉంటే వాళ్ళ అనుమతి తీసుకుని, ఆ తర్వాత పర్మిట్లు ఇచ్చే సిటీ డెవలప్‌మెంట్ సర్వీసెస్ వాళ్ళని అడుగు. 120 చదరపు అడుగుల లోపు సామాన్ల షెడ్డుకి బిల్డింగ్ పర్మిట్ అక్కర్లేదు కానీ నీ గ్యారేజీకి తప్పదు. ఇల్లు లా హోయా, పసిఫిక్ బీచ్, ఓషన్ బీచ్ లాంటి సముద్రపు ఒడ్డు పేటల్లో ఉంటే తీర మండలం నియమాలు కూడా వస్తాయి. 1976 నాటి కోస్టల్ చట్టం కింద విడిగా ఇంకో అనుమతి పడొచ్చు. దానికి డబ్బుకన్నా నెలలు ఎక్కువ పోతాయి. ఆ చిరునామా తీర మండలంలో ఉందో లేదో తెలియకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇంకోటి, కంచె ఉన్నచోటే హద్దు అనుకోవద్దు. అనుమానంగా ఉంటే సర్వేయర్ చేత కొలిపించు. గోడ హద్దుకి 5 అడుగుల లోపుకి వస్తే గంటసేపు మంటకి ఆగే గోడ కట్టాలి, 3 అడుగుల లోపు అయితే ఆ వైపు కిటికీ పెట్టనివ్వరు. ప్లాను రెండడుగులు ఇటు జరిపితే ఆ ఖర్చు పూర్తిగా తప్పుతుంది.

నెల్లూరు:
పునాది గురించి నేను చెప్తాను. మన ఊళ్ళో స్లాబు అంటే పైకప్పు, ఇక్కడ స్లాబు అంటే నేల. ఈ మాట దగ్గర తికమకపడి కోట్ (ధర కాగితం) తప్పుగా చదువుకున్నవాళ్ళు ఉన్నారు.

నేల 4 అంగుళాల మందం అనుకుంటే దాదాపు 5 ఘన గజాల కాంక్రీటు. చుట్టూ 80 అడుగుల పొడవున అడుగు వెడల్పు, అడుగు లోతు ఫుటింగ్‌కి, అంటే గోడల కింది పునాదికి, ఇంకో 3. నూటికి పది చొప్పున వృథా కలిపితే 9 గజాలు, అంటే ఒక్క లారీ. గజం రెండొందల డాలర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి సరుకు ఖర్చు రెండు వేల లోపే. డబ్బంతా తవ్వకం, చట్రం, కడ్డీ, కూలీల మీదే పోతుంది. అందుకే ఫుటింగ్ లోతు ప్లానులో ఎంత రాశారో చూడండి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో వానాకాలం ఉబ్బి ఎండాకాలం బిగుసుకుని గోడలు బీటలివ్వడం మనం ఎరిగిందే. ఇక్కడ కూడా కొన్ని గుట్టల మీద ఉబ్బే బంకమట్టి ఉంది. అది తేలితే ఇంజనీరు ఫుటింగ్ లోతు పెంచి, నేలలో కడ్డీలు దట్టంగా వెయ్యమంటాడు. నిక్కమైన ఖర్చు పెరిగేది అక్కడ.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యాలి. ఫోన్ చేసిన రోజు కాకుండా కనీసం రెండు పని దినాలు ఆగాలి. వాళ్ళు ఉచితంగా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లకి రంగు గీతలు వేసిపోతారు. మీటరు దాటి లోపలున్న మీ సొంత పైపులకి మాత్రం వెయ్యరు, అవి మీరే వెతికించుకోవాలి.

కాంక్రీటు పోసేముందు ఇన్‌స్పెక్టర్ కందకం చూసి సంతకం పెట్టాలి. ఆయన ఎక్కడెక్కడ చూస్తాడో మీరూ అక్కడే చూడండి. కడ్డీ మట్టికి 3 అంగుళాలు పైన, కవర్ బిళ్ళల మీద ఉండాలి. అర అంగుళం యాంకర్ బోల్టులు కాంక్రీటులోకి 7 అంగుళాలు దిగాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 6 అడుగులు మించకూడదు, గోడ అడుగున పరిచే ప్రతి చెక్క చివర నుంచీ 12 అంగుళాల లోపు ఒకటి ఉండాలి. బోల్టు కింద వేసేది గుండ్రటి వాషర్ కాదు, 3 అంగుళాల చదరపు ఇనుప బిళ్ళ. భూకంపం ఊపినప్పుడు అడుగు చెక్క చీలకుండా అదే పట్టుకుంటుంది. పోసేశాక తడి కాంక్రీటులో బోల్టులు గుచ్చేవాళ్ళున్నారు. అట్టా గుచ్చితే చుట్టూ గుల్ల మిగులుతుంది, ఒప్పుకోకండి.

గ్యారేజీలో బలహీనమైన చోటు తలుపు గోడ. 20 అడుగుల గోడలో 16 అడుగులు తలుపుకే పోతే అటూ ఇటూ మిగిలేది రెండేసి అడుగులు. కప్పు పక్కకి ఊగితే ఆ రెండు ముక్కలే ఆపాలి. అందుకని అక్కడ ప్లైవుడ్‌తో బిగించిన ప్రత్యేక చట్రమో, ఫ్యాక్టరీలో చేసిన ఉక్కు ప్యానెలో అడుగుతారు. ప్యానెల్ అయితే దాని లావు బోల్టులు పోతకి ముందే అచ్చు పలక పెట్టి నిలబెట్టాలి. ఒక్క అంగుళం తప్పినా మళ్ళీ బెజ్జం వేసి, ఎపాక్సీ జిగురు పోసి, దానికి వేరే తనిఖీ చేయించాల్సి వస్తుంది.

చీమకుర్తి:
ఉప్పుగాలి సంగతి ఎవరూ ఎత్తలేదు. మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్ళ కిటికీ ఊచలు ఎట్టా పొరలు పొరలుగా ఊడతాయో తెలుసుగా, ఇక్కడా అంతే. అడుగు చెక్క మందు పట్టించినదే వాడతారు, ఆ మందులోని రాగి మామూలు మేకుని తినేస్తుంది. కాబట్టి హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన (కరిగిన జింకులో ముంచి పూత పెట్టిన) మేకులు, లేదంటే స్టెయిన్‌లెస్ అని కాంట్రాక్టులో రాయించండి. తలుపు స్ప్రింగులకీ ఇదే వర్తిస్తుంది. పెరిగే ఖర్చు వందల్లోనే.

కరెంటు విషయం. కారు ఛార్జర్ 40 ఆంప్స్ లాగితే 50 ఆంప్స్ బ్రేకర్ కావాలి. పాత ఇంట్లో 100 ఆంప్స్ ప్యానెల్ ఉంటే లోడు లెక్క వేయించండి. 200కి మార్చాల్సి వస్తే అది కొన్ని వేల డాలర్ల పని, కరెంటు కంపెనీ తేదీ కోసం ఎదురుచూపు వేరే. పీవీసీ పైపులో వైరు పోతే కందకం 18 అంగుళాల లోతు ఉండాలి. ఇప్పుడు ఛార్జర్ వద్దనుకున్నా లావు పైపు మాత్రం వేసి పెట్టుకోండి. ఫుటింగ్‌లో 20 అడుగుల కడ్డీని ఎర్తింగ్‌గా వాడి, దాని కొస బయటికి వదలమని ఎలక్ట్రీషియన్‌కి పోతకి ముందే చెప్పండి.

కందుకూరు:
డబ్బు ఇచ్చే పద్ధతి జాగ్రత్త. కాలిఫోర్నియాలో ఇంటి పనికి అడ్వాన్సు కాంట్రాక్టు మొత్తంలో పది శాతం లేదా వెయ్యి డాలర్లు, ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. ప్రత్యేక బాండు పెట్టిన కొద్దిమందికే మినహాయింపు. అంటే లక్ష డాలర్ల పనికైనా అడ్వాన్సు వెయ్యే. సరుకు కొనాలి, ముప్ఫై వేలు ఇవ్వమంటే అక్కడితో ఆయనకి దండం పెట్టండి. లైసెన్స్ నంబరు సీఎస్‌ఎల్‌బీ (రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్స్ బోర్డు) సైట్‌లో కొట్టి చూడండి, కూలీల బీమా ఉందో లేదో కూడా అక్కడే కనబడుతుంది. మన మేస్త్రీకి వారం వారం ఇచ్చినట్టు కాకుండా ఫుటింగ్ తనిఖీ, గోడల చెక్క చట్రం తనిఖీ, ఆఖరి తనిఖీ అయ్యాక ఇంతింత అని రాసుకోండి.

మీరు కాంట్రాక్టర్‌కి పూర్తిగా ఇచ్చేసినా, ఆయన చెక్కల కొట్టు బాకీ ఎగ్గొడితే కొట్టువాళ్ళు మీ ఇంటి మీద లీన్, అంటే బాకీ తీరేదాకా ఆస్తి మీద హక్కు, వేయగలరు. అట్టాంటి వాళ్ళ నుంచి పోస్టులో 20 రోజుల నోటీసు (లీన్ హక్కు ఉందని ముందుగా తెలిపే కాగితం) వస్తే భయపడొద్దు, దాచిపెట్టుకోండి. ప్రతి చెల్లింపప్పుడూ ఆ నోటీసుల్లో పేరున్న వాళ్ళందరి నుంచీ లీన్ రిలీజ్ (హక్కు వదులుకున్నట్టు రాసిచ్చే) కాగితం తీసుకున్నాకే చెక్కు ఇవ్వండి.

కావలి:
చాలా సంతోషం అండీ. అమ్మానాన్న వచ్చినప్పుడు ఉండటానికి దీన్నే తర్వాత గదిగా మార్చుకోవచ్చా?

ఒంగోలు:
మార్చుకోవచ్చు తమ్ముడూ. ఏడీయూ (ఇంటి స్థలంలోనే ఉండే రెండో చిన్న ఇల్లు) కింద గ్యారేజీని ఇల్లుగా మారిస్తే, పోయిన పార్కింగుకి బదులు చూపమని సిటీ అడగకూడదు. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో తేల్చాలి. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడే ప్లానులో పెట్టించు. నేల కింద తేమ ఆపే 10 మిల్ (అంగుళంలో నూరో వంతు) మందం ప్లాస్టిక్ షీటు గ్యారేజీకి తప్పనిసరి కాదు, గదికి కావాలి. బాత్‌రూమ్ మురుగు పైపు కూడా పోతకి ముందే వేయించు. తర్వాత కాంక్రీటు కోసి వెయ్యడమంటే వేల డాలర్లు. గ్యారేజీ నేల తలుపు వైపుకి వాలుగా ఉంటుంది కాబట్టి గది చేసేటప్పుడు దాన్ని సమం చెయ్యాల్సి ఉంటుందని కూడా లెక్కలో పెట్టుకో.

కందుకూరు:
ఇంటి పన్ను కూడా పెరుగుతుంది. 1978 నాటి ప్రొపొజిషన్ 13 (ఇంటి పన్ను పెరుగుదలని కట్టడి చేసే కాలిఫోర్నియా చట్టం) వల్ల ఇల్లు మొత్తానికి మళ్ళీ విలువ కట్టరు, కొత్తగా కట్టిన దానికే కడతారు. గ్యారేజీకి 60 వేలు విలువ వేస్తే ఒక శాతం లెక్కన ఏడాదికి ఆరొందలు, పైన స్థానిక పన్నులు. మొదటిసారి అది సప్లిమెంటల్ (అదనపు) బిల్లుగా వస్తుంది. లోన్ ఇచ్చిన బ్యాంకు ఎస్క్రోలోంచి (పన్నుల కోసం మీ దగ్గర నెలనెలా తీసి పెట్టే ఖాతా) మామూలుగా దాన్ని కట్టదు, బిల్లు నేరుగా మీకే వస్తుంది. కౌంటీ కవరు వస్తే ప్రకటన అనుకుని పారెయ్యకండి.